ముఖం తెలుసు, చెయ్యి తెలియదు

దసరా సెలవులకి ఇంటికి వెళ్తే మా నాన్న నాకొక పని చెప్పాడు. "నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా, దీన్ని కొంచెం క్లీన్ చేసివ్వు" అని పాత ఫ్రేమ్ ఒకటి చేతిలో పెట్టాడు. హిందూపురంలో మా కొత్తింటి గృహప్రవేశం దగ్గర పడింది. హాల్లో పెద్దవాళ్ళ ఫోటోలు వరసగా పెట్టాలి. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఇదొక్కటే అక్కడక్కడా మరకలు పట్టి, అంచులు పచ్చబారి ఉంది. మా అవ్వ వాళ్ళమ్మ బొమ్మ అది. ఫోటో కాదు, చేత్తో గీసింది.

ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఒక ఏఐ యాప్‌లో వేశాను. రిస్టోర్, ఎన్‌హాన్స్, కలరైజ్, మూడింటికీ టిక్ పెట్టాను. నలభై సెకన్లు పట్టింది. వచ్చింది చూసి నేనే ఆశ్చర్యపోయాను. చర్మం మెరిసిపోతోంది. కళ్ళల్లో తడి కనిపిస్తోంది. చీరకి ఎక్కడా లేని జరీ కూడా వచ్చింది. నాన్న "సూపర్" అన్నాడు. అమ్మ వెంటనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది. చివర్లో అవ్వకి చూపించాను.

అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవురప్పా ఈయమ్మ?"

"మీ అమ్మే అవ్వా."

"మాయమ్మ కాదు. ఎవురో సినిమా ఆయమ్మ మాదిరి ఉంది. మాయమ్మకి మొగమంతా అమ్మవారి మచ్చలు. అవన్నీ యాడికి పాయ?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఆలోచిస్తూ ఉంటే ఇదంతా వచ్చింది. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి, అది కూడా ఫోన్ కీబోర్డు దయ. తప్పులుంటే సర్దుకోండి. కానీ ఈ విషయం తెలుగులోనే చెప్పాలనిపించింది, ఎందుకంటే అవ్వ చదవాలి.

ముందు ఆ బొమ్మ కథ చెప్తాను. అవ్వ వాళ్ళమ్మ చనిపోయింది 1974లో. అప్పటికి అవ్వకి పంతొమ్మిదేళ్ళు, అంటే ఇప్పుడు నా వయసు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూప్ ఫోటో ఒకటి దొరికింది. అందులో వెనక వరసలో, బొటనవేలి గోరంత ముఖం. దాన్ని పట్టుకుని అవ్వ వాళ్ళ నాన్న పెనుకొండలో బోర్డులు రాసే ఒకాయన దగ్గరికి వెళ్ళాడట. షాపు బోర్డులు, లారీల మీద పువ్వులు, ఎన్నికలప్పుడు గోడ రాతలు, చనిపోయినవాళ్ళ బొమ్మలు, అన్నీ ఆయనే చేసేవాడు. ముప్పై రూపాయలకి మాట్లాడుకున్నారు. పని జరిగినన్ని రోజులూ మధ్యాహ్నం భోజనం మనింట్లోనే అని ఒప్పందం.

ఆ చిన్న ముఖంలో కళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తుంది, అంతే. అందుకని ఆయన మూడు రోజులు ఇంటికొచ్చి, అవ్వని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "గీసినాయప్ప ఒకటొకటీ అడిగినాడు" అని అవ్వ చెప్పింది. "ముక్కుపుడక ఎడమ పక్కనా కుడి పక్కనా, మచ్చలు నుదుటి మీద ఎక్కువా బుగ్గల మీద ఎక్కువా, నవ్వితే పండ్లు కనపడతాయా అని. నేను ఏడుస్తా చెప్తాంటే ఆయప్ప గీస్తా ఉన్నాడు."

ఈ మాట విన్నాక నాకు నా సబ్జెక్టు గుర్తొచ్చింది. ముఖాల్ని బాగుచేసే మోడళ్ళలో చాలావాటికి ట్రైనింగ్ ఇచ్చేది ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే డేటాసెట్ మీద. ఫ్లికర్ సైట్‌లోంచి తీసుకున్న 70,000 ముఖాల ఫోటోలు అవి. 2019లో ఎన్విడియా వాళ్ళు విడుదల చేశారు. మోడల్ వాటన్నిటినీ చూసి "ముఖం అంటే ఇలా ఉంటుంది" అని నేర్చుకుంటుంది. మనం మసకబారిన బొమ్మ ఇస్తే, దానికి తెలిసిన ముఖాల వైపు దాన్ని జరుపుతుంది. మశూచి మచ్చలున్న ముఖాలు ఈ కాలం ఫోటోల్లో ఎన్ని ఉంటాయి? మన దేశంలో చివరి మశూచి కేసు 1975లోనే. కాబట్టి ఆ మచ్చలు మోడల్‌కి మచ్చలు కావు, కాగితం మీది మరకల్లాంటివే. మన భాషలో చెప్పాలంటే నాయిస్. తుడిచేసింది.

అవ్వకి మాత్రం ఆ నాయిసే సిగ్నల్. అసలు ఆ మచ్చలు పెళ్ళి ఫోటోలో కూడా లేవు. అవ్వ నోటితో చెప్తే ఆయన చెవితో విని చేత్తో వేసినవి. అంటే ఆ బొమ్మలో కెమెరా పట్టుకోలేని సమాచారం ఉంది. దాన్ని నేను నలభై సెకన్లలో డిలీట్ చేశాను, చేసి అందరికీ చూపించి లైకులు కూడా తీసుకున్నాను.

"గీసినాయన పేరేంటి అవ్వా?" అని అడిగాను. అవ్వ చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. "ఏమోప్పా. ఆర్టిస్టు అనేవాళ్ళు" అంది.

ఆయన ఏం తిన్నాడో అవ్వకి గుర్తుంది. ఉగ్గాని ఇష్టంగా తినేవాడట. పేరు మాత్రం గుర్తు లేదు.

ఆ ఆదివారం లేపాక్షి వెళ్ళాను. మా ఊరికి 15 కిలోమీటర్లు. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. స్కూల్ పిక్నిక్, చుట్టాలొస్తే ఒకసారి, ఇంటర్ అయిపోయాక ఫ్రెండ్స్‌తో ఒకసారి. వెళ్ళిన ప్రతిసారీ మేం చేసేది ఒకటే. నంది దగ్గర సెల్ఫీ, వేలాడే స్తంభం కింద కర్చీఫ్ ఇటునుంచి అటు లాగడం, ఏడుతలల నాగలింగం, అయిపోయింది. తల ఎత్తి కప్పు చూసింది ఈసారే.

కప్పు నిండా బొమ్మలే. ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, శివపార్వతుల పెళ్ళి, వటపత్రం మీద బాలకృష్ణుడు. దాదాపు 500 ఏళ్ళ నాటివి. విజయనగరం రాజు అచ్యుతరాయలు పాలించింది 1529 నుంచి 1542 వరకు. ఆ కాలంలోనే పెనుకొండలో అధికారులుగా ఉన్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ వీరభద్రస్వామి గుడిని కట్టించారు. కప్పు మీద దేవుళ్ళతో పాటు వాళ్ళిద్దరూ ఉన్నారు. తలకి పొడుగాటి కుల్లాయిలు, ఒంటికి పల్చటి బట్టలు, వెనక పరివారం, ముందు పూజారి విభూతి ఇస్తుంటే భక్తిగా అందుకుంటున్నారు. మన ప్రాంతంలో పోర్ట్రెయిట్ అని చెప్పుకోదగ్గ పాత బొమ్మల్లో అదొకటి. దేవుడిది కాదు, పురాణంలో మనిషిది కాదు. పెనుకొండలో ఉద్యోగం చేసిన ఒక నిజమైన మనిషి బొమ్మ.

విరుపణ్ణ కథ మనందరికీ తెలిసిందే. రాజుగారి ఖజానా డబ్బు చెప్పకుండా గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే, తన కళ్ళు తానే పెరుక్కుని గోడకేసి కొట్టాడంటారు. గోడ మీద ఎర్రటి మచ్చలు చూపిస్తారు. ఊరి పేరు కూడా దానివల్లే వచ్చిందని కొందరు చెప్తారు, జటాయువు కథ ఇంకొందరు చెప్తారు. ఇవి కథలే, చరిత్ర కాదు. కానీ కథ ప్రకారం కళ్ళు పోగొట్టుకున్న మనిషి, కప్పు మీద మాత్రం పెద్ద పెద్ద కళ్ళతో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. ఆ కళ్ళు ఇచ్చింది ఎవరు? పైన తాళ్ళతో కట్టిన చెక్కల మీద వెల్లకిలా పడుకునో, మెడ పట్టేసేలా పైకి చూస్తూనో, సున్నపు గార మీద ఎర్రమట్టి, పచ్చమట్టి, మసి, సున్నం కలిపిన రంగులతో ఆ కళ్ళు గీసిన మనిషి ఎవరు?

గుడి గోడల మీద శాసనాలు ఉన్నాయి. ఎవరు ఏ దానం ఇచ్చారో రాసి ఉంది. గీసినవాళ్ళ పేర్లు మాత్రం మన దాకా రాలేదు. ఇచ్చినవాడి పేరుంది, ఇచ్చినవాడి ముఖమూ ఉంది. చేసినవాడిది ఏదీ లేదు.

సరే, ఇది పాతకాలం సంగతి, మన దేశంలో అంతే అనుకుంటాం. కాదు. మనలో సగం మంది నైట్ అంతా కూర్చుని జీఆర్ఈ పదాలు బట్టీ కొట్టేది దేనికోసం? డాలర్ కోసం. ఒక డాలర్ నోటు మీద ఉన్నది ఎవరు అంటే జార్జ్ వాషింగ్టన్ అని హాస్టల్‌లో ఎవరైనా చెప్తారు. ఆ ముఖం గీసింది ఎవరు అని మా వింగ్‌లో పదకొండు మందిని అడిగాను. ఒక్కరు కూడా చెప్పలేదు. నాకూ వారం ముందు దాకా తెలియదులెండి.

ఆయన పేరు గిల్బర్ట్ స్టూవర్ట్. 1755లో రోడ్ ఐలండ్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు, బ్రిటిష్ వాళ్ళ వలస రాజ్యం. 1775లో లండన్ వెళ్ళి బెంజమిన్ వెస్ట్ అనే అమెరికన్ చిత్రకారుడి దగ్గర పని నేర్చుకున్నాడు. పేరూ డబ్బూ వచ్చాయి. వచ్చినదానికంటే ఎక్కువ ఖర్చుపెట్టాడు. అప్పులవాళ్ళ బాధ పడలేక 1787లో ఐర్లండ్‌కి మకాం మార్చాడు. అక్కడా అదే కథ. 1793లో అమెరికా తిరిగొచ్చాడు. కొత్త దేశానికి అధ్యక్షుడైన వాషింగ్టన్ బొమ్మ గీస్తే అప్పులు తీరతాయని లెక్క.

1796లో గీసిన ఒక బొమ్మని ఆయన కావాలనే పూర్తి చెయ్యలేదు. పూర్తి చేస్తే ఇచ్చెయ్యాలి కదా. ముఖం వరకు గీసి, మిగతా కాన్వాస్ ఖాళీగా వదిలేసి, దాన్ని తన దగ్గరే ఉంచుకుని, చూసి పదుల కొద్దీ కాపీలు చేసి అమ్ముకున్నాడు. ఆ కాపీల్ని తన వంద డాలర్ల నోట్లు అని సరదాగా పిలిచేవాడట. ఆ అసంపూర్ణ బొమ్మ ఆధారంగా చెక్కిన ముఖమే ఇప్పుడు ఒక డాలర్ నోటు మీద ఉంది. స్టూవర్ట్ మాత్రం 1828లో బోస్టన్‌లో అప్పులతోనే పోయాడు. పేరు రాయని సమాధిలో పెట్టారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువసార్లు అచ్చయిన ముఖాల్లో ఒకటి ఆయన చేతిది. నోటు మీద ఆయన పేరు లేదు.

అయినా స్టూవర్ట్ అదృష్టవంతుడే. వెతికితే పేరు దొరుకుతుంది. మ్యూజియంలు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి. ఆయన కాలంలోనే అమెరికాలో ఊరూరూ తిరిగి రైతులకీ వ్యాపారులకీ బొమ్మలు గీసిచ్చిన మామూలు చిత్రకారులు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎంతోమంది పేర్లు తెలియక, ఫలానావాళ్ళ బొమ్మ గీసినాయన అని గీయించుకున్నవాళ్ళ పేరుతోనే పిలుస్తారు. మన పెనుకొండ ఆర్టిస్టుకి వాళ్ళు చుట్టాల లెక్క.

ఇక్కడ ధర్మవరం గురించి చెప్పాలి. సెలవులు అయిపోయి కాలేజీకి తిరిగొస్తూ దారిలో ధర్మవరంలో దిగి, మా మామ ఇంట్లో ఒక రోజు ఉన్నాను. మామ మగ్గం నేస్తాడు. ధర్మవరం పట్టుచీర అంటే అందరికీ తెలుసు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ చీర మీద నెమలి ముందు గ్రాఫ్ కాగితం మీద పుడుతుందని ఎంతమందికి తెలుసు? ఒకాయన కూర్చుని గళ్ళు నింపుతాడు. ఒక్కో గడి ఒక్కో పోగు పైకి లేవాలా వద్దా అని చెప్తుంది. దాన్ని చూసి అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డ్‌లో తిరుగుతాయి. చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మనం ఫస్టియర్‌లో చదివిన బైనరీ అక్కడ మామ తల మీద టకటకమని కొట్టుకుంటోంది. ఇప్పుడు చాలాచోట్ల గ్రాఫ్ పని కంప్యూటర్‌లోకి వచ్చేసింది, అది వేరే సంగతి.

జకార్డ్ అనేది మనిషి పేరే. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఈ పద్ధతిని తెచ్చాడు. ఆయన పోయాక 1839లో అదే ఊళ్ళో ఆయన పోర్ట్రెయిట్‌ని పట్టుమీద నేశారు. కుంచెతో గీసినట్టే ఉంటుంది, దానికి వాడిన చిల్లుల అట్టలు 24,000. మన కంప్యూటర్ తాతగారు చార్లెస్ బాబేజ్ ఆ పట్టు బొమ్మ ఒకటి సంపాదించి, ఇంటికొచ్చినవాళ్ళకి చూపించి మురిసిపోయేవాడు. తన యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనే ఆలోచన జకార్డ్ మగ్గం నుంచే వచ్చింది. అంటే మనం చదివే కోర్సుకి, పోర్ట్రెయిట్‌కి, ధర్మవరం మగ్గానికి చుట్టరికం ఉంది. నాకు నచ్చిన విషయం ఇంకొకటి. ఆ పట్టు బొమ్మ రికార్డు చూస్తే, అసలు చిత్రం గీసింది క్లోడ్ బోన్‌ఫాన్ అని ఒక పేరు, నేసింది మిషెల్ మారీ కార్కియా అని ఇంకో పేరు, రెండూ రాసి ఉన్నాయి. గీసినవాడూ ఉన్నాడు, నేసినవాడూ ఉన్నాడు.

మామని అడిగాను, "ఈ చీర డిజైన్ ఎవరిది?" అని. "షావుకారు ఇచ్చినాడు" అన్నాడు. "గీసింది ఎవరు?" అంటే నవ్వాడు. "చీర మీద నా పేరే లేదు, ఇంక వాళ్ళ పేరు ఎవురు రాస్తారు?"

అదే ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. అక్కడ తోలుబొమ్మలు చేస్తారు. ఆ బొమ్మల కళ్ళు, ముక్కులు చూస్తే లేపాక్షి కప్పు మీది మనుషులకి దగ్గరి బంధువుల్లా అనిపిస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అప్పటినుంచి మా వైపు ఎవర్ని అడిగినా ఆ ఊరి పేరు, ఆయన పేరు కలిపి చెప్తారు. పేరు వచ్చినంత మాత్రాన కష్టాలన్నీ తీరిపోతాయని నేననను. కానీ పేరుంటే అడ్రస్ ఉన్నట్టు. ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు. నేర్చుకోవచ్చు, ఆర్డర్ ఇవ్వొచ్చు, కనీసం థాంక్స్ చెప్పొచ్చు.

ఈ వ్యాసం గురించి మా రూమ్మేట్‌తో చెప్తే వాడొక మంచి పాయింట్ లేవదీశాడు. "మన పాతకాలం కళాకారులు దేవుడి కోసం చేశారు రా. పేరు కావాలనే ఇగో వాళ్ళకి లేదు. నువ్వు ఇంగ్లీష్ మీడియం బుర్రతో కాపీరైట్ తీసుకొచ్చి లేపాక్షికి అంటిస్తున్నావ్" అన్నాడు. రెండు రోజులు దీని గురించి ఆలోచించాను. ఒప్పుకోబుద్ధి కాలేదు. పేరు రాయకపోవడం భక్తే అయితే, విరుపణ్ణ పేరు కూడా ఉండకూడదు కదా? ఆయన భక్తుడు కాదా? పక్కనే కర్ణాటకలో బేలూరు, హళేబీడు గుళ్ళలో శిల్పులు తమ బొమ్మల కింద పేర్లు చెక్కుకున్నారు. లేపాక్షికంటే మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే. మన తెలంగాణలో పాలంపేట గుడిని అందరూ రామప్ప గుడి అనే అంటారు. రామప్ప రాజు పేరు కాదు, శిల్పి పేరు అని జనం నమ్మకం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన పేరులో కూడా రామప్ప అని ఉంది. కాబట్టి చేసినవాడి పేరు చెప్పుకోవడం మనకి కొత్త కాదు. కొన్నిచోట్ల రాశారు, కొన్నిచోట్ల రాయలేదు. రాయనిచోట అది వినయమా, లేక ఎవరూ రాయనివ్వలేదా, ఆ చిత్రకారుల్ని అడగకుండా మనం తీర్పు చెప్పకూడదు.

రెండో పాయింట్ మా నాన్నది. "ముప్పై రూపాయలు అప్పట్లో తక్కువ కాదు. ఎన్ని ఇళ్ళల్లో బొమ్మ గీయించుకునే స్తోమత ఉండింది? ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో ఫ్రీగా చేసుకోవచ్చు. అది మంచిది కాదా?" ఇది నిజం. దీన్ని నేను కాదనలేను. ఫోటో కూడా లేకుండా పోయిన వాళ్ళు ఎంతమందో. ఏఐని తిట్టడం నా ఉద్దేశం కాదు, రేపు నేను చెయ్యబోయే ఉద్యోగం బహుశా అదే. కానీ ఫ్రీ అన్న మాట దగ్గర ఆగాలి. బొమ్మలు తయారుచేసే పెద్ద మోడళ్ళు కొన్ని నేర్చుకున్నది లయన్ 5బి లాంటి డేటాసెట్ల మీద. అందులో 500 కోట్లకు పైగా బొమ్మల లింకులు. వాటిని గీసినవాళ్ళు, తీసినవాళ్ళు ఎవరూ సంతకం పెట్టి ఇవ్వలేదు. 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు దీని మీద కోర్టుకి వెళ్ళారు. లేపాక్షిలో ఇద్దరు ముగ్గురు చిత్రకారులో, పది మందో పేరు లేకుండా పోయారు. మనం ఒకేసారి లక్షల మందిని పేరు లేకుండా చేస్తున్నాం, దానికి ట్రైనింగ్ డేటా అని పేరు పెట్టి.

ఇంకా చిత్రం ఏంటంటే, పేరు రాయడంలో మనంత పట్టింపు ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. గిట్‌లో ఒక్క కామా మార్చినా కమిట్‌లో మన పేరు, టైమ్ పడతాయి. ఏ లైన్ ఎవరు రాశారో చూడటానికి గిట్ బ్లేమ్ అని ఒక కమాండే ఉంది. ఎమ్ఐటీ లైసెన్స్ చూడండి, కోడ్ ఊరికే తీసుకో, అమ్ముకో, మార్చుకో, కానీ నా పేరున్న నోటీసు తీసెయ్యకు అంటుంది. గ్రూప్ ప్రాజెక్ట్‌లో మన పేరు నాలుగోది వస్తే రెండు రోజులు మాట్లాడుకోం. మన కోడ్‌కి ఇంత న్యాయం ఉంటే, మా ముత్తవ్వ ముఖం మీద మచ్చలు ఒక్కొక్కటిగా అడిగి వేసినాయనకి ఆ న్యాయం ఎందుకు లేదు?

అందుకే మన క్లబ్‌ని రెండు విషయాలు అడుగుతున్నాను.

ఒకటి, మన ఈ-మ్యాగజైన్‌లో వేసే ప్రతి బొమ్మ కింద ఎవరు గీశారో రాద్దాం. ఫోటో అయితే తీసినవాళ్ళ పేరు. ఏఐతో చేస్తే ఏఐతో చేశామని, ఏ టూల్ అని, ఎవరు అడిగి చేయించారని. పోయిన సంచిక కవర్ మీద ఏఐ బొమ్మ వేశాం, కింద ఏమీ రాయలేదు. ఆ బొమ్మ నచ్చిందని చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది.

రెండు, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరం మన ఊళ్ళో చేత్తో పనిచేసే ఒక ఆర్టిస్టుని కలుద్దాం. బోర్డులు రాసేవాళ్ళు, చీర డిజైన్ గళ్ళు నింపేవాళ్ళు, గుడి గోపురాలకి రంగులేసేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాక వీళ్ళలో చాలామందికి పని పోయింది, కానీ మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు, చేసిన పనుల ఫోటోలు ఒకచోట పెడదాం. వెబ్‌సైట్ నేను కడతాను. అది పెద్ద పనేం కాదు, ఒక వీకెండ్ చాలు. పేర్లు తేవడమే పని.

చివరికి ఆ బొమ్మ ఏమైందో చెప్పి ముగిస్తాను. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు పాత ఫ్రేమ్ విప్పాం. దగ్గర్నుంచి చూస్తే ముఖం మీద సన్నటి పెన్సిల్ గీతలు, నిలువుగా అడ్డంగా గళ్ళు గళ్ళుగా కనిపించాయి. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అట్ట మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి చూసి పెంచాడన్నమాట. ధర్మవరంలో గ్రాఫ్ కాగితం, మన స్క్రీన్‌లో పిక్సెల్, ఇక్కడ పెన్సిల్ గడి. ఫ్రేమ్ కింద దాక్కున్న అంచులో నల్ల ఇంకుతో అక్షరాలు కూడా కనిపించాయి. మొదటి సగం పురుగు తినేసింది. మిగిలింది "ప్ప ఆర్ట్స్, పెనుకొండ".

అవ్వ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా జిల్లాలో సగం మంది మగవాళ్ళ పేర్లు "ప్ప"తోనే అయిపోతాయి. అయినా మర్నాడు పొద్దున రైలెక్కి పెనుకొండ వెళ్ళాను. స్టేషన్ దగ్గర టీ కొట్టులో, ఒక ఫ్లెక్సీ షాపులో, బస్టాండ్ దగ్గర ఇద్దరు ముసలాయనల్ని అడిగాను. మూడు పేర్లు చెప్పారు, మూడూ "ప్ప"నే. ముగ్గురిలో ఎవరో తేల్చేవాళ్ళు దొరకలేదు. గీసి గట్టిగా యాభై ఏళ్ళు, నేను ఆలస్యంగా వచ్చాను. లేపాక్షికి ఐదు వందల ఏళ్ళు పట్టిందనుకున్నాను, ఒక మనిషి పేరు పోవడానికి అంత కాలం అక్కర్లేదు.

హాల్లో పాత బొమ్మే పెట్టాం, మరకలతో సహా. నాన్న ముందు ఒప్పుకోలేదు, అవ్వ మాట కాదనలేక ఊరుకున్నాడు. నేను చేసిన ఏఐ బొమ్మ అమ్మ స్టేటస్‌లో 24 గంటలు ఉండి పోయింది. పాత ఫ్రేమ్ కింద అవ్వ చెప్తుంటే నేను ఒక చీటీ రాసి అంటించాను. నా తెలుగు చేతిరాత అంత బాగుండదు, అయినా అవ్వ నన్నే రాయమంది.

"గీసింది: ప్ప ఆర్ట్స్, పెనుకొండ, 1974. మచ్చలు చెప్పింది: కూతురు."

"ప్ప" ముందు కొంచెం ఖాళీ వదిలాను. మీకెవరికైనా పెనుకొండలో పాత ఆర్టిస్టుల కుటుంబాలు తెలిస్తే క్లబ్‌కి చెప్పండి, వచ్చి కలుస్తాను. ఈలోపు మీ ఇంట్లో అలాంటి బొమ్మ ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఫ్రేమ్ అంచు కింద ఒకసారి చూడండి.